అక్టోబరు పేజీ

కడియపులంకలో రోడ్డు వార మూడో నర్సరీ మాది.
అంట్లు కట్టడం నా పని.
బ్లేడు, పాలిథిన్ పీలిక,
బొటనవేలి మీద మానీ మానని గాటు.

ఆయనొచ్చింది భాద్రపదంలో, ముసురు పట్టిన రోజు.
పేరు సోమలింగం. రామచంద్రపురంలో ప్రెస్సట.
గోళ్ల సందుల్లో ఎవరి శుభలేఖదో ఎరుపు.
"మేపుల్ కావాలమ్మా" అన్నారు
అరకిలో బెండకాయలు అడిగినంత తేలిగ్గా.

మా ఎరుపులన్నీ చూపించాను.
చారల క్రోటన్లు, రాగిరేకు అకాలిఫా,
ఇంకా ఎండ తగలని మామిడి చిగురు.
ఒక్కోదాని ముందు ఆగి బావుందన్నారు,
వద్దనుకున్న సంబంధాన్ని బావుందన్నట్టు.
గేటు పక్క బాదం చూపించి
"చలి ముదిరితే ఇదీ నిప్పులా అవుద్దండీ" అన్నాను.
"అవుద్ది. మా వీధిలో నాలుగున్నాయి.
కానీ నేనడిగింది బాదం కాదు కదా."

అప్పుడు సంచీలోంచి తీశారు
ఇరవై ఆరేళ్ల నాటి ఎరువుల కొట్టు కేలండరు.
అక్టోబరు పేజీ.
ఎవరిదో ఇల్లు, ముందొక పొట్టి చెట్టు,
మెట్ల నిండా రాలిన ఎరుపు.
వాకిలి ఊడ్చే దిక్కు లేదా ఆ ఇంట్లో, అనుకున్నాను.
మళ్లీ చూశాను.
నాకే ఊడ్చబుద్ధి కాలేదు.

"రెండు వేల కాపీలు కొట్టాం.
ఎరుపు ప్లేటు వెంట్రుకవాసి జరిగింది, చూడు,
ఆకు గీత దాటి రంగు గాల్లోకి వచ్చేసింది.
అసలుది ఎక్కడ ఆగుద్దో చూడాలి."

ఢిల్లీకి పామ్ మొక్కల లోడు వేసుకెళ్లిన నూకరాజు
తిరుగు ప్రయాణంలో తెచ్చాడు సంక్రాంతి వెళ్లాక,
సీటు వెనక, తడిగుడ్డ చుట్టి.
విప్పితే ఆకన్నది లేదు. జానెడు పుల్ల.
పద్దెనిమిది వందలు లెక్కపెట్టి
పుల్లని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కారాయన.
మా కుర్రాళ్లు రెండ్రోజులు నవ్వారు. నేనూ నవ్వాను.

ఫాల్గుణంలో ఫోను. "ఓసారి రా."

ప్రెస్సు వెనక, ఉత్తరం గోడ నీడన, సిరా డబ్బాల పక్కన
ఆ పుల్లకి తొమ్మిది చేతులు.
పసిపిల్ల పిడికిలి విప్పినట్టు ఒక్కోటి ఐదు వేళ్లు,
పుట్టడమే ఎరుపు.
వెనక నించి ఎండ పడితే
చెయ్యి అడ్డం పెట్టి దీపాన్ని చూసినట్టుంది.
ప్రూఫులు చూసే భూతద్దం ఆకుకి ఆనించి
చాలాసేపు ఊపిరి తియ్యలేదాయన.
"చుక్కల్లేవమ్మా" అన్నారు.
"ఎంత దగ్గరకెళ్లినా చుక్కల్లేవు."

తర్వాత రోహిణి కార్తె వచ్చింది.
రొయ్యల ఫ్యాక్టరీ నించి ఐసు తెప్పించారు,
గోనెపట్టా కట్టారు, టేబుల్ ఫ్యాను పెట్టారు.
వాళ్లావిడ వరహాలమ్మ గారు
"నాకెప్పుడైనా విసిరారా ఇలా" అంటూనే
రెండు పూటలా కుండలో నీళ్లు తెచ్చి పోసింది.
కొబ్బరాకు కూడా వేలాడిపోయే ఎండది.
అంచులు ముందు మాడాయి,
పొయ్యి మీద మర్చిపోయిన అప్పడంలా.
తొమ్మిది, ఆరు, రెండు.

ఆషాఢం మొదటి వాన తగ్గాక
కుండీ ఎత్తుకుని ఆయనే వచ్చారు నా దగ్గరికి.
మళ్లీ పుల్ల.
బాదం మాట నేనెత్తలేదు.
పీట మీద కూచుని మొదట్లో తొక్క గోరుతో గీరాను,
ఎండిందో లేదో మేం చూసేది అలాగే.
పైకి రాగి రంగు. గీరిన చోట
మెతుకంత మేర, తడిగా, పచ్చ.

ఏమీ అనలేదాయన.
భూతద్దం కోసం జేబు తడుముకున్నారు.